పేరు పోయిన తెగ: కాతిబ్ యాసీన్ నవల ‘నజ్మా’

అల్జీరియా రచయిత కాతిబ్ యాసీన్ (1929–1989) ఫ్రెంచిలో రాసిన ‘నజ్మా’ 1956లో పారిస్‌లో వెలువడింది. అప్పటికి స్వాతంత్ర్య సమరం సాగుతోంది. అందుచేత విమర్శకులు నాయిక నజ్మాను అల్జీరియా దేశానికి ప్రతీకగా చదివారు. ఆ చదువు తప్పు కాదు. కాని దానితోనే తృప్తిపడితే నవలలోని గట్టి భాగం చేజారుతుంది. ఇది ప్రధానంగా వంశాన్ని వెదుక్కునే వారి కథ. ఆ వెదుకులాటకు అడ్డుపడేది ఇంటిపేరు.

అరబ్బు సంప్రదాయంలో మనిషి గుర్తింపు తండ్రితాతల పేర్ల వరుసగా సాగుతుంది: ఫలానా బిన్ ఫలానా. తెగపేరో ఊరిపేరో దానికి చేరుతుంది. తరతరాలకూ మారని ఇంటిపేరు అక్కడ చాలా కుటుంబాలకు అక్కరపడలేదు. అక్కరపడింది ఫ్రెంచి ప్రభుత్వానికి, అదీ భూమి కోసం. 1873 నాటి చట్టం ఉమ్మడి భూములను వ్యక్తుల పట్టాలుగా విడగొట్టి, పట్టాలో ఇంటిపేరు ఉండాలని విధించింది. 1882 మార్చి 23 నాటి చట్టం ముస్లింల పేర్ల నమోదుకు పూనుకుంది. పేరు ఎన్నుకునే హక్కు కాగితం మీద కుటుంబ పెద్దదే. అతడు నిరాకరించినా, రాకపోయినా కమిషనరే పెట్టేవాడు. వెక్కిరింత పేర్లు అలా పుట్టాయి. అన్నదమ్ములు వేర్వేరు చోట్ల నమోదై వేర్వేరు ఇంటిపేర్ల వారయ్యారు. కొందరి ఎదుట ‘ఇంటిపేరు లేదు’ అనే అర్థంలో ఎస్.ఎన్.పి. అని రాస్తే, ఆ పొడి అక్షరాలే వారికి పేరై కూర్చున్నాయి. ఫ్రెంచి లిపిలో ‘ఐన్’కు అక్షరం లేదు, రెండు ‘హే’లకు తేడా లేదు. ఒకే పేరు రిజిస్టర్లలో నాలుగు రూపాలు దాల్చిందంటే వింతేముంది?

తెలుగు ప్రాంతమైన యానాం కూడా 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలోనిదే. అక్కడి పద్ధతి వేరు. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం తమ మతాచార చట్టాన్ని స్వయంగా వదులుకున్నవారే ఇంటిపేరు స్వీకరించేవారు. అల్జీరియాలో షరీఅత్ చట్టం కింద ఉన్నవారికే పేరు అంటగట్టారు, పౌరసత్వ హక్కులు మాత్రం ఇవ్వలేదు.

యాసీన్ దీన్ని ఉపన్యాసంగా చెప్పలేదు. హజ్‌కని బయలుదేరిన ఓడ ప్రయాణంలో వృద్ధుడు సీ ముఖ్తార్ యువకుడు రషీద్‌కు తమ కెబ్లూత్ తెగ గాథ వినిపిస్తాడు. తెగ పెద్దల తలలు తెగాయి. మూలపురుషుని పేరు నిషిద్ధమైంది. శాఖలకు కొత్త ఇంటిపేర్లు వచ్చాయి. నవల మొత్తంలో ఈ కొద్ది పుటలే మిక్కిలి బలమైనవి. రచయిత కూడా ఆ తెగవాడే. తన ఇంటిపేరు ‘కాతిబ్’ను ముందుంచి, సొంత పేరును వెనుక పెట్టి సంతకం చేశాడు. అది బడి హాజరుపట్టీ వరుస. తెలుగువారికి వింతగా తోచదు గాని, ఫ్రెంచి పాఠకునికి అందులోని ఎత్తిపొడుపు తెలుస్తుంది.

లోపం మరోచోట ఉంది. నజ్మా తల్లి ఫ్రెంచి స్త్రీ. తండ్రి సీ ముఖ్తారా, హతుడైన రషీద్ తండ్రా అన్నది తేలదు. అంటే రషీద్ ప్రేమించినది తన చెల్లెలినే కావచ్చు. ఈ గందరగోళం ఏ కమిషనరూ తెచ్చింది కాదు, పెద్దల దుర్నడత తెచ్చింది. యాసీన్ నిజాయితీగా ఆ మాట చెప్పాడు. చెప్పి, దాన్ని కెబ్లూత్ రక్తమహిమ అనే పొగమంచులో వదిలేశాడు. నసబ్ అంటే రక్తపు పౌరాణిక వైభవం కాదు. ఎవరిని పెళ్లాడవచ్చు, ఎవరికి వారసత్వం వస్తుందనే నిత్యజీవిత ప్రశ్న. తండ్రి తెలియని బిడ్డ సంగతి దివ్యఖుర్ఆన్ అహ్‌జాబ్ సూరా 5వ ఆయతులోనే ఉంది: అటువంటివారు ధర్మంలో సోదరులు. పెంపుడు ఇంట పెరిగిన నజ్మాకు ఆ స్థానం ఉండవచ్చునన్న ఊహ నవలలో ఎక్కడా తొంగిచూడదు.

నవల వెలువడిన ముప్పై అయిదేళ్లకు పైగా గడిచాక, 1992లో అల్జీరియా ప్రభుత్వం ఒక డిక్రీ తెచ్చింది. తండ్రి తెలియని బిడ్డను కఫాలా కింద పెంచేవారు తమ ఇంటిపేరు ఇవ్వవచ్చునని అంగీకరించింది. పేరు వచ్చినంత మాత్రాన నసబ్ రాదు, వారసత్వమూ రాదు. కాతిబ్ యాసీన్ అప్పటికి రెండేళ్ల క్రితమే మరణించాడు.