మఆసిరుల్ ఉమరా: ప్రయోజనము, పరిమితి

మొగలు సేనానుల చరిత్రను పరిశోధించువారికి ‘మఆసిరుల్ ఉమరా’ ముఖ్యమైన ఆకరము. దక్కనులో దివానుగా నుండిన షానవాజ్ ఖాన్ ఈ పారసీక చరిత్రకోశమును ఆరంభించెను. 1758లో ఆయన హతుడైన పిదప చెదరిన ప్రతిని గులాం అలీ ఆజాద్ సేకరించి సంస్కరించెను. కుమారుడు అబ్దుల్ హయ్ 1780లో దానిని పూర్తిచేసెను.

ఒక్కొక్క అమీరుని మన్‌సబు, నియామకములు, యుద్ధములు ఒక్కచోట లభించుట దీని విశేషము. కాని యిది అమీరులను గూర్చి అమీరే రచించిన గ్రంథము. మీర్ జుమ్లా చరిత్ర యిందు కలదు. అతడు గోలకొండ కొలువులో నుండి 1650లో గండికోటను పట్టుకొనెను. ఆ కోటను కోల్పోయిన పెమ్మసానివారి పక్షము తెలియవలెనన్న స్థానిక కైఫీయతులను, శాసనములను గూడ పరిశీలింపవలెను. సేనాని పదవీక్రమమునకు ఈ కోశము నాశ్రయింపవచ్చును. జయాపజయముల కారణనిర్ణయమునకు ఇది యొక్కటియే చాలదు.