రోమింగ్ ప్రొఫైళ్ళు - గుణదోష విచారణ

కంప్యూటరు ముందు కొంతకాలము పనిచేసిన ప్రతివ్యక్తియు దానిని తనకు అనుకూలముగా దిద్దుకొనును. తెరమీద ఏ గుర్తు ఎక్కడ ఉండవలెనో, అక్షరము ఎంత పెద్దదిగా కనిపించవలెనో, తెలుగు టైపు చేయుటకు ఏ కీబోర్డు అమరిక వాడవలెనో, ఇవన్నియు అతడే నిర్ణయించుకొనును. ఈ ఏర్పాట్లను, అతడు దాచుకొన్న ఫైళ్ళను కలిపి విండోస్‌లో ప్రొఫైల్ అందురు. ఒక మనిషికి ఒక కంప్యూటరు ఉన్నంతవరకు చిక్కు లేదు. కాని కార్యాలయములలోను, కళాశాల ప్రయోగశాలలలోను నేడు ఒక బల్ల వద్ద, రేపు మరియొక బల్ల వద్ద కూర్చొనవలసివచ్చును. అప్పుడు ప్రొఫైల్ యంత్రమునకు చెందవలెనా, మనిషికి చెందవలెనా?

మనిషికే చెందవలెననుటలో సందేహము లేదు. అందులకై మైక్రోసాఫ్ట్ సంస్థ ఏర్పరచిన పద్ధతియే రోమింగ్ ప్రొఫైల్. 1996లో వెలువడిన విండోస్ ఎన్.టి. 4.0 నుండి నేటివరకు దీని మూలసూత్రము మారలేదు. ఉద్దేశము ఉత్తమమైనదే. దానిని నెరవేర్చుటకు ఎన్నుకొన్న మార్గములో మాత్రము కొన్ని లోపములు కలవు. వానిని తెలిసికొన్న నిర్వాహకుడు ఈ పద్ధతిని మితముగా వాడి లాభము పొందగలడు. తెలియనివాడు ఇతరుల శ్రమను పోగొట్టును.

ఇది పనిచేయు విధము చూతము. సర్వరుమీద ప్రొఫైళ్ళ కొరకు ఒక ఫోల్డరును కేటాయింతురు. ప్రతి వాడుకరి ఖాతాలోను ప్రొఫైల్ మార్గము అను గడిలో ఆ ఫోల్డరు చిరునామా వ్రాయుదురు. వాడుకరి లాగిన్ కాగానే అతని ప్రొఫైల్ సర్వరునుండి ఎదుటనున్న కంప్యూటరులోనికి నకలు అగును. రోజంతయు అతడు ఆ నకలుమీదనే పనిచేయును. లాగాఫ్ అయినప్పుడు మారిన ఫైళ్ళు తిరిగి సర్వరును చేరును. ఈ విధముగా అసలు ప్రొఫైల్ సర్వరులోనే ఉండగా దాని నకళ్ళు సంచరించుచుండును. చిక్కులలో పెక్కు ఇందునుండియే పుట్టుచున్నవి.

మొదటి చిక్కు బరువు. డెస్క్‌టాప్ మీద పడవేసిన ప్రతి ఫైలును ప్రొఫైల్‌లో భాగమే. ఒక ప్రయోగశాలలో ఉదయము 9 గంటలకు 40 మంది విద్యార్థులు, తాము మునుపెన్నడును కూర్చొనని కంప్యూటర్ల వద్ద ఒక్కసారిగా లాగిన్ అయిరనుకొందము. ఒక్కొక్కరి ప్రొఫైల్ 2 గిగాబైట్లు అయినచో మొత్తము 80 గిగాబైట్లు, అనగా 640 గిగాబిట్లు. సర్వరు తీగ సెకనుకు 1 గిగాబిట్ మోయగలదనుకొన్నను, ఏ ఆటంకమును లేనప్పుడే 640 సెకనులు, అనగా దాదాపు 11 నిమిషములు పట్టును. అదే ప్రొఫైల్ 50 మెగాబైట్లే అయినచో 16 సెకనులు చాలును. ఒకసారి కూర్చొన్న యంత్రమునకే మరల వచ్చినచో సాధారణముగా మారిన ఫైళ్ళే వచ్చునన్నది నిజము. కాని బల్లలు మారువారి కొరకే గదా ఈ పద్ధతి!

రెండవ చిక్కు నకళ్ళు రెండైనప్పుడు వచ్చును. ఒక గుమాస్తా రెండు కంప్యూటర్లలో ఒకేసారి లాగిన్ అయి ఉన్నాడనుకొందము. అతని ఏర్పాట్లలో అధికభాగము ఎన్‌టియూజర్.డాట్ అను ఒకే ఫైలులో ఉండును. రెండింటిలో ఏది చివర లాగాఫ్ అయినదో దాని ఫైలే సర్వరుమీద నిలుచును. మొదటి యంత్రములో చేసిన మార్పులు చెప్పాపెట్టకుండ పోవును. ఒకే ఖాతా పుస్తకమును ఇద్దరు గుమాస్తాలు విడివిడిగా వ్రాసి తెచ్చినప్పుడు, రెంటిని సరిచూడక ఆలస్యముగా వచ్చిన ప్రతినే నమ్ము దుకాణదారుని ఏమందుము?

మూడవది మరింత బాధాకరమైనది. ప్రొఫైల్ ఏ కారణముచేతనైనను తెరచుటకు వీలుకానప్పుడు విండోస్ ఒక తాత్కాలిక ప్రొఫైల్ నిచ్చును. చిన్న హెచ్చరిక ఒకటి కనిపించి మాయమగును. దానిని గమనింపక, దినమంతయు శ్రమించి డెస్క్‌టాప్ మీద దాచుకొన్నవన్నియు లాగాఫ్‌తో తుడిచిపెట్టుకొనిపోవును. నష్టపోవువాడు ఈ పద్ధతిని కోరినవాడును కాడు, దాని పేరు విన్నవాడును కాడు.

నాల్గవది తరములకు సంబంధించినది. విండోస్ 7 ప్రొఫైల్ ఫోల్డరు పేరు చివర వి2 అనియు, 2016 నాటి విండోస్ 10 కూర్పునుండి వి6 అనియు చేరును. ఒకదాని ప్రొఫైల్ మరియొకదానికి పనికిరాదు. పాతవి, కొత్తవి కలసియున్న కార్యాలయములో ఒకే మనిషికి రెండు ప్రొఫైళ్ళు ఏర్పడును. వాని మధ్య రాకపోకలు లేవు.

ఇంతకంటె వేరు మార్గము లేదా? కలదు, అది దీనికంటె పాతది కూడ. 1983లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ, డిజిటల్, ఐ.బి.ఎం. సంస్థల సహాయముతో అథీనా అను ప్రణాళికను ప్రారంభించినది. అందులో విద్యార్థి ఏ కంప్యూటరు వద్ద కూర్చున్నను, సర్వరుమీది అతని ఫోల్డరే నెట్‌వర్కు ద్వారా అతని ముందు తెరచుకొనును. మొత్తము నకలు చేసి తెచ్చుట, మరల చేరవేయుట అను పని లేదు. వ్యక్తిని గుర్తించుటకు అథీనాలో పుట్టిన కెర్బెరోస్ పద్ధతిని మైక్రోసాఫ్ట్ విండోస్ 2000లో స్వీకరించినది. ప్రొఫైల్ విషయములో మాత్రము నకలు పద్ధతినే నిలుపుకొన్నది.

న్యాయముగా చెప్పవలెనన్న ఆ పద్ధతికి ఒక సమర్థన కలదు. 1990 ప్రాంతపు నెట్‌వర్కులు పెక్కు సెకనుకు 10 మెగాబిట్లు మోయునవి. నడుమ సర్వరు ఆగిపోయినను నకలు చేతిలో ఉన్నవాని పని ఆగదు. నాటి ప్రొఫైళ్ళును చిన్నవి. ప్రొఫైళ్ళు పెరిగిన తరువాత మైక్రోసాఫ్ట్ కూడ వేరుదారి వెదకినది. 2018లో అది కొనిన ఎఫ్‌ఎస్‌లాజిక్స్ పద్ధతిలో ప్రొఫైల్ అంతయు సర్వరుమీద ఒక డిస్కు రూపములో ఉండి, లాగిన్ కాగానే కంప్యూటరుకు అతుకుకొనును. మూటగట్టి మోయుట తప్పినది. నకలు పద్ధతికి ఇంతకంటె గట్టి విమర్శ మరియొకటి అక్కరలేదు.

అయినను రోమింగ్ ప్రొఫైళ్ళను పూర్తిగా త్రోసిపుచ్చుట తగదు. చిన్న కార్యాలయములకు అవి ఇప్పటికిని ఉపయోగకరములే. పత్రములను, డెస్క్‌టాప్‌ను, చిత్రములను ఫోల్డర్ రీడైరెక్షన్ అను ఏర్పాటుచే సర్వరుమీదనే ఉంచి, ఏర్పాట్లను మాత్రమే ప్రొఫైల్‌తో తిరుగనీయవలెను. ఎవరి ఫోల్డరు వారికే తెరచుకొనునట్లు అనుమతులు బిగింపవలెను. ప్రొఫైళ్ళున్న షేరుకు ఆఫ్‌లైన్ ఫైళ్ళ సౌకర్యమును తొలగింపవలెను. బరువంతయు సర్వరుపై పడును గనుక ప్రతిదినము బ్యాకప్ తీయవలెను. అందరికి ఒకేసారి వర్తింపజేయక, నలుగురైదుగురితో కొన్నివారములు పరీక్షించి చూడవలెను.

వీనికంటె ముఖ్యమైన పని యొకటి తరచు మరుగున పడుచున్నది. వాడుకరులకు మూడు మాటలు చెప్పవలెను: రెండు యంత్రములలో ఒకేసారి లాగిన్ కావలదు, లాగాఫ్ పూర్తికాకుండ మీట ఆర్పవలదు, తాత్కాలిక ప్రొఫైల్ అను హెచ్చరిక కనిపించినచో పని ఆపి నిర్వాహకునకు తెలుపవలెను. ఖాతాలో ఒక గడి నింపుట నిమిషము పని. ఈ మూడు మాటలు ప్రతివానికిని అర్థమగునట్లు చెప్పుటకు ఒక పూట పట్టవచ్చును. ఆ పూట కేటాయింపలేని కార్యాలయము రోమింగ్ ప్రొఫైళ్ళ జోలికి పోకుండుటయే మేలు.