తేలికకు తోమాల

ఓ తేలికదనమా! పలుచని పరుగా! నేలకు చెవి ఆనించి దారి గుండెచప్పుడు వింటున్నదానివలె అంత కిందికి వాలి కూర్చున్నావేమి? ముక్కు వంచి, మూపులెగదీసి, ముందు చక్రాల మీద రెండు అలలను మోస్తూ, వెనక చక్రాలను వలువతో కప్పుకుని, కదలకుండానే కదులుతున్నావు. నీ మీద చూపు నిలవదు, జారుతుంది. ముక్కున మొదలై, మూపున మురిసి, తోలేవాడి తల వెనక లేచిన ఆ రెక్క అంచున ఒక్క క్షణం తడబడి, తోక దాటి గాలిలో పడ్డాక గాని తానెక్కడుందో దానికే తెలియదు. డి హావిలండ్ విమానాల దగ్గర గాలి గుట్టు నేర్చిన ఫ్రాంక్ కాస్టిన్ ఈ వంపులు దిద్దినప్పుడు మన కళ్ళ కోసం దిద్దలేదు, గాలి కోసం దిద్దాడు. గాలికి నచ్చినదే కంటికీ నచ్చింది, అదీ చిత్రం!

ఉత్తర లండన్‌లోని హార్న్సీలో, కోలిన్ చాప్‌మన్ తండ్రి నడిపే రైల్వే హోటల్ వెనక, పాత గుర్రపుశాలల్లో మొదలైంది నీ వంశం. అక్కడ యువకుడైన చాప్‌మన్ బరువు మీద పగబట్టాడు. అక్కరలేని ఇనుమునల్లా తీసేశాడు, అక్కర ఉన్నదాన్ని సన్నం చేశాడు, ఒక పని చేసే రేకు చేత రెండో పనీ చేయించాడు. సన్నని ఉక్కు గొట్టాలు అల్లిన గూడు, గూటి మీద అల్యూమినియం చర్మం, చర్మం కింద చురుకు. 1956లో లోటస్ ఎలెవెన్ అనే పేరుతో నీ మూలరూపం బయటికొచ్చినప్పుడు అయిదు క్వింటాళ్ళైనా తూగలేదు. బలం పెంచుకుని గెలిచేవాళ్ళను లోకం ఎప్పుడూ చూస్తూనే ఉంది. బరువు వదులుకుని గెలిచినదానివి నువ్వు!

ఆ గూటిలో కొట్టుకున్న గుండె కథ ఇంకా చిత్రం. కవెంట్రీ క్లైమాక్స్ వాళ్ళు ఆ ఇంజిన్ వంశాన్ని పుట్టించింది మంటలార్పే పంపుల కోసం. మనుషులు మోసుకుపోయి నీళ్ళు తోడాల్సినది కనుక తేలికగా చేశారు. ఆ తేలికే దాన్ని పందేలకు పంపింది. నిప్పు ఆర్పాల్సిన ఇంజిన్ 1098 సీసీల గుండెగా నీలో చేరి దారులకు నిప్పు పెట్టింది! లెమాన్ పందెంలో ఇరవై నాలుగు గంటలు, పగలూ రాత్రీ, వానా వెలుతురూ, ఒకే ఊపిరిగా పరిగెత్తి 1956లో నీ తరగతిలో నువ్వే ముందు నిలిచావు. మరుసటి ఏడు 750 సీసీకి లోపలి బుల్లి ఇంజిన్‌తో వెళ్ళి, ఫ్రెంచివాళ్ళు తమ చిన్న కార్ల మీద మమకారంతో చూసుకునే సామర్థ్య సూచీ బహుమతిని వాళ్ళ గడ్డ మీదే గెలిచావు. మోంజా పందెపుదారి మీద పందెగాడు స్టిర్లింగ్ మాస్ నిన్ను గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో తిప్పాడు. పదకొండు వందల సీసీలతో! ఇంత ఒంట్లో అంత ఆవేశం ఎక్కడ దాచావే తల్లీ!

ఇవన్నీ నీ మూలరూపం చేసిన ఘనతలే. అయితే నేను మొక్కుతున్నది ఆ మూలరూపానికి కాదు, దాని రూపంలో వచ్చిన నీకు. మూడు వందలైనా పుట్టని ఆ ఎలెవెన్‌లలో మిగిలినవి చాలావరకు తాళాల వెనక ఉన్నాయి. గీత పడుతుందని భయం, ధర పడిపోతుందని భయం. మూలవిరాట్టు గర్భగుడి దాటి రాదు. మరి ఊళ్ళోవాళ్ళ సంగతేమిటి? గుడి మెట్లెక్కలేని ముసలమ్మ సంగతేమిటి? అందుకే కదా ఉత్సవమూర్తి! వీధిలోకి వచ్చి, ఎండకు ఎండి, దుమ్ముకు ఓర్చి, గుమ్మం గుమ్మం ముందూ ఆగేది ఆ మూర్తే. హారతి ఇచ్చేవాళ్ళెవరూ ఆ మూర్తిని నకలు అనరు. 1982లో క్రిస్ స్మిత్ ఎలెవెన్ రూపాన్ని మళ్ళీ పోతపోసినప్పుడు జరిగింది ఇదే. అల్యూమినియం స్థానంలో ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు, క్లైమాక్స్ స్థానంలో మిడ్జెట్ అనే చిన్న కారు నుంచి తెచ్చిన ఏ-సిరీస్ ఇంజిన్. మోరిస్ మైనర్‌ను మోసి, మినీని ఉరికించిన మధ్యతరగతి గుండె అది. అయినా నీ ముందుభాగం ముందుకీ వెనకభాగం వెనక్కీ రేకులు విచ్చినట్టు తెరుచుకుంటే లోపల అదే గొట్టాల గూడు, అదే పొదుపు, అదే పొగరు!

నీలోకి దిగడమూ ఒక సేవే. అరచేతంత తలుపు కిందికి వాల్చి, సీటు మీద కాలు మోపి, మోకాళ్ళు ముడిచి, స్టీరింగు కిందికి పాములా జారాలి. ఠీవిగా దిగాలనుకునేవాళ్ళు వేరే కారు చూసుకోవడం మంచిది. ఇక ఇంగ్లండ్‌లో బక్స్‌టన్ దాటి మేకిల్స్‌ఫీల్డ్ వైపు ఆ కొండదారి ఎక్కితే, మలుపు మీద మలుపు, మలుపు లోపల మలుపు! మోచేతి కింద తారు ఉరుకుతుంది, చెంప పక్కన రాతిగోడ ఉరుకుతుంది, గొర్రెలు తలెత్తేలోగా గొర్రెలు వెనకబడతాయి. తలపు ఇటు తిరిగితే తనువు ఇటు తిరుగుతుంది. చేయి అడగదు, నువ్వు ఆగవు. పైకప్పు లేదు, పాట పెట్టె లేదు, వానొస్తే వానే తోడు. పెట్రోలు వాసన, వేడినూనె వాసన, తడిగడ్డి వాసన కలిసి ధూపం వేస్తాయి.

ఒక్కటే విన్నపం. నీ ముక్కు మీద లోటస్ పతకం అతికించి, పాత పందెపు సంఖ్య వేసి, నిన్ను మరొకరిగా నిలబెట్టే చేతులున్నాయి. వాటిని కసురుకో. ఆ అరువు నగ నీకెందుకు? వెస్ట్‌ఫీల్డూ, నిన్ను నీ పేరుతోనే పిలుస్తున్నాను. తాళం తిప్పుతున్నాను, పలుకు!