భూమి కదలినదా, కొలత కదలినదా?

నల్లమల, వెలికొండల నడుమనున్న గిద్దలూరు ప్రాంతపు రైతునకు గట్టున నాటిన హద్దురాయి కదలని వస్తువు. శాస్త్రము అట్లనదు. భారతదేశమును మోయుచున్న భూఫలకము ఏటేట సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యముగా జరుగుచున్నది. హైదరాబాదు, బెంగుళూరులలో నిరంతరము పనిచేయు ఉపగ్రహ గ్రాహకములు ఈ జరుగుబాటును చూపుచున్నవి. అయినను పొరుగు పొలము, ఊరు, కొండ అన్నియు కలసియే జరుగుటచే ఎవరికిని అంగుళమైనను నష్టము లేదు. చిక్కంతయు కొలతలో వచ్చును.

ఉపగ్రహ సంకేతములతో నేలను కొలుచు పద్ధతులు ముఖ్యముగా మూడు. మొదటిది స్థిర పద్ధతి. రెండుచోట్ల గ్రాహకములను గంటల తరబడి, అవసరమైనచో దినముల తరబడి నిలిపి, పిమ్మట గణించుదురు. నిదానమైనను మిల్లీమీటర్ల వరకు నమ్మదగినది. రెండవది తత్క్షణ పద్ధతి. స్థిర కేంద్రము పంపు సవరణలను అందుకొని, కర్రపైనున్న రోవరు క్షణములలో 1, 2 సెంటీమీటర్ల తేడాతో స్థానము చెప్పును. మూడవది ఒంటరి గ్రాహకపు పద్ధతి. దీనికి చేరువ కేంద్రముతో పనిలేదు. ఉపగ్రహముల కక్ష్యలు, గడియారములు మిక్కిలి సరిగా తెలియవలెను. లెక్క కుదుటపడుటకు అరగంటయో, అంతకెక్కువయో పట్టును.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరున ఆరంభమైన భూముల రీసర్వేలో రోవర్లను వాడిరి. హద్దులు గుర్తించుటకు ఆ ఎంపిక తగినదే. కాని నేల క్రుంగుటను తేల్చుటకు అది చాలదు. కంభము చెరువుకట్ట వంటి పాతకట్ట ఏటికి 5 మిల్లీమీటర్లు క్రుంగినదనుకొందము. 2 సెంటీమీటర్ల పొరపాటు గల కొలత దానినెట్లు పట్టగలదు? ఎత్తు విషయమున పొరపాటు ఇంకను హెచ్చు. అచట స్థిర పద్ధతియే శరణ్యము. గుర్తురాయిని సైతము వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొను రేగడిలో గాక, శిలపై నాటవలెను.

అసలు ప్రమాదము పద్ధతులను కలగలుపుటలో నున్నది. రోవరు అంకెలు, కేంద్రమునకు ఒకనాడు నిర్ణయించిన స్థానమును ఆధారము చేసికొన్నవి. కేంద్రమును, రాయియు కలసి జరుగును గనుక ఆ అంకెలు పదేండ్లకును మారవు. ఒంటరి పద్ధతి చెప్పునది ప్రపంచ చట్రములో నాటి స్థానము. ఒకే రాయిని 2021లో రోవరుతోను, 2031లో ఒంటరి పద్ధతితోను కొలిచినచో అరమీటరు భేదము కనబడవచ్చును. కాగితముపై తేదీ లేనిచో, రాయిని పొరుగువాడే జరిపెనని రైతు తగవునకు దిగును. జరిగినది రాయి కాదు, లెక్క!

కావున ఏ పద్ధతి మేలని యడుగుటకు ముందు, దేనిని కొలువవలెనో నిశ్చయించుకొనవలెను. ప్రతి అంకె ప్రక్కన పద్ధతి, చట్రము, తేదీ వ్రాయవలెను. ఆ మూడును లేని కొలత ఎంత సూక్ష్మమైనను సాక్ష్యము కాజాలదు.