పొగకు వర్గం లేదా?

పొగకు వర్గభేదం లేదనే వాదం వొకటి విద్యావంతుల్లో బలంగా వుంది. దారిద్ర్యం అంతస్తులు చూస్తుందనీ, పొగ మాత్రం అందరినీ సమంగా చూస్తుందనీ జర్మన్ సామాజికవేత్త వుల్రిష్ బెక్ 1986లో రాశాడు. ప్రమాదాలు తరచు కిందిమెట్టునే పోగుపడతాయని అదే గ్రంథంలో ఆయనే వొప్పుకున్నాడు. కాని లోకం పట్టుకున్నది మొదటి మాటనే.

ఆ మాటకు జవాబు అంతకు నూటనలభై యేళ్ల ముందే వుంది. ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతులపై 1845లో వెలువడిన గ్రంథంలో ఎంగెల్స్ మాంచెస్టర్ పొగను వర్ణించి వూరుకోలేదు. గాలి యెటు వీస్తుందో చూశాడు. యేడాదిలో పది పదకొండు నెలలు పడమటి, నైరుతి గాలులు మిల్లుల పొగను యీశాన్యపు కార్మికవాడల మీదికి తోస్తాయి. ఆ దిక్కున యజమానులు యిళ్లు కట్టుకోలేదు. మంచిగాలి వీచే శివార్లలో తోటల మధ్య కాపురముండి, పావుగంటకో అరగంటకో నడిచే గుర్రపు బస్సుల్లో వూళ్లోకి వచ్చిపోయేవారు.

డికెన్స్ 'హార్డ్ టైమ్స్' 1854లో వచ్చింది. పొగ వూపిరితిత్తులకు మేలని వాదించే మిల్లు యజమాని బౌండర్బీ అందులో గొప్ప వ్యంగ్యపాత్ర. ఐతే కోక్‌టౌన్ పొగ చాలావరకు వూరంతటికీ పట్టిన మకిలిగానే కనిపిస్తుంది. ఆ చిత్రం మనసును కలచివేస్తుంది, కాని పొగ యెవరి యింటిమీద వాలుతోందో చెప్పదు. వర్ణనకూ వాస్తవికతకూ తేడా యిక్కడే వుందని నా అభిప్రాయం.

పొగ యెవరిమీద పడుతోందో చెప్పినా చాలదు. దాన్ని తొలగించే ఖర్చు యెవరిమీద పడుతోందో కూడా అడగాలి. 1996 జూలైలో సుప్రీంకోర్టు ఢిల్లీలోని 168 ప్రమాదకర పరిశ్రమలను నవంబరు 30 నాటికి నగరంలో మూసివేయమంది. గాలి బాగుపడాలనడం న్యాయమే. కాని వేలాది కార్మికుల వుపాధి దెబ్బతిన్నది. హాజరుపట్టీలో పేరులేని కూలీకి పరిహారం అడిగే ఆధారం కూడా లేదు. పొగను అందరికన్నా ముందు పీల్చినవాడే, పొగ పోయేటప్పుడు అందరికన్నా ముందు పని పోగొట్టుకున్నాడు. వూపిరా, కూడా అని అతణ్ణి యెంచుకోమనడం పర్యావరణ న్యాయం కాదు.

నగరాన్ని గురించి రాసే మన కవుల్లో చాలామందికి పొగ యింకా ఆధునిక జీవితపు ప్రతీక మాత్రమే. యీ రెండు ప్రశ్నలూ వెయ్యని కవిత్వం, యెంత ఆవేదన వెలిబుచ్చినా, బెక్ మొదటి మాటనే తిరిగి చెబుతుంది.