నంబరు ముందా, కోడు ముందా

ఈ వారం సారపాక వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ప్రకటనలు మళ్లీ ఫొటోలే. అక్షరాలుగా పంపితే అవతలి ఫోన్లో పిచ్చిగీతలవుతాయని డీటీపీ సెంటర్ల భయం. పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని చోట తెలుగులా కనబడదు కనుక ఆ భయం సబబే. ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే ప్రమాణం యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా ఇంకా ఇదీ సంగతి. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు: ప్రమాణాలు రాసేది కమిటీలైతే, వాటిని బతికించేది ఓపెన్ సోర్స్ వాళ్లు. (కాగితం మిల్లున్న ఊళ్లో కాగితాన్ని తక్కువ చేయకూడదు గానీ, ప్రమాణం దాని మీదే ఆగిపోతే పనికిరాదు.)

హార్ఫ్‌బజ్‌నే చూడండి. ఒత్తులనూ గుణింతాలనూ సర్దిపెట్టే ఈ ఉచిత ప్రోగ్రామ్ ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో పనిచేస్తోంది. ఏ అక్షరానికి ఏ నంబరో యూనికోడ్ చెబుతుంది. 'స్త్రీ'లో ఒత్తులు ఎక్కడ కూర్చోవాలో ఫాంట్ల ప్రమాణమైన ఓపెన్‌టైప్ పత్రాలు కొంత చెబుతాయి. మిగతాది అదే పని చేసే మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రామ్ యూనిస్క్రైబ్ లోపలే ఉండిపోయింది, దాని కోడు బయటివాళ్లకు కనబడదు. హార్ఫ్‌బజ్ రాసిన బెహ్దాద్ ఎస్ఫాబోద్ బృందం వికీపీడియాల నుంచి మాటలు తీసి, యూనిస్క్రైబ్ గీసిన రూపంతో తమ రూపాన్ని పోల్చుకుంటూ, తేడా వచ్చినచోట దిద్దుకుంటూ పోయింది. పైసా ఆశించకుండా వికీ వ్యాసాలు రాసినవాళ్ల శ్రమ అలా ఇంకో పనికొచ్చింది. ఉచిత కోడులో తప్పులుండవా అని అడగొచ్చు. బోలెడుంటాయి, కానీ ఎవరైనా తెరిచి చూసి సవరణ పంపొచ్చు. మూసిన కోడు సంగతి వేరు: 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' కనబడని ఒక గుర్తుతో కలిసి వచ్చినప్పుడు ఐఫోన్ యాప్‌లు కుప్పకూలితే, ఆపిల్ సవరణ వదిలేదాకా మనం చేయగలిగింది ఆ అక్షరానికి దూరంగా ఉండటమే.

అయితే గుంజాల గోండి లిపి దగ్గర నా పాట శ్రుతి తప్పుతుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో వెలుగుచూసిన రాతప్రతుల లిపికి మార్కెట్ ఎక్కడిది? అన్షుమన్ పాండే ప్రతిపాదన రాశాక, 2018లో అది యూనికోడ్ 11.0లో చేరింది. గూగుల్ నోటో ఉచిత ఫాంటుకు ఆధారం యూనికోడ్ ఇచ్చిన నంబర్లే. అవి లేకుండా ఎవరికి తోచిన ఫాంటు వాళ్లు చేసి ఉంటే, గోండికీ మన డీటీపీ గతే పట్టేది. ఒకసారి ఇచ్చిన నంబరును యూనికోడ్ వెనక్కి తీసుకోదు, అందుకే అంత నిదానం. పాత తెలుగు రాతలోని నకారపొల్లును 2021 దాకా ఆపారని విసుక్కున్నాం గానీ, చిన్న భాషలకు ఆ నిదానపు కమిటీయే ముందు దిక్కని ఒప్పుకోక తప్పడం లేదు. రుసుము కట్టే సంస్థలకే పూర్తి ఓటు ఉండటం దాని లోపం. ప్రతిపాదన మాత్రం ఎవరైనా పంపొచ్చు. అలా పంపాల్సిన పని మన దగ్గరా ఉంది: ఇక్కడి కోయ భాషకు బడి పుస్తకాలు తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి. ఆ పలుకుకు మన అక్షరాలు ఎక్కడ చాలడం లేదో, ఏ మాటలు పెట్టి ప్రోగ్రాములను పరీక్షించాలో భద్రాచలం ఏజెన్సీలో కోయ చెప్పే టీచర్లు రాసివ్వగలరు. కాలిఫోర్నియాలోని యూనికోడ్ కమిటీకి గానీ హార్ఫ్‌బజ్ వాళ్లకు గానీ అది చేతనయ్యే పని కాదు.