అభిమాని తీసిన విమర్శకుడి కథ

2000 సెప్టెంబరులో విడుదలైన ‘ఆల్మోస్ట్ ఫేమస్’ రాక్ సంగీత ప్రపంచంలో నడిచే సినిమా. అయినా అందులో కథానాయకుడు పాడడు, గిటారు ముట్టడు. వేదిక పక్కన నిలబడి చూస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు, రాసుకుంటాడు. పదిహేనేళ్ల విలియం మిల్లర్ పత్రికా రచయిత. యౌవనంలోకి అడుగుపెట్టే పిల్లల కథల్లో మామూలుగా తొలి ప్రేమో, ఇంట్లో ఒక చావో, ఊరు విడవడమో కుర్రవాణ్ణి పెద్దవాణ్ణి చేస్తుంది. విలియంను పెద్దవాణ్ణి చేసేది ఒక వ్యాసం. ఇష్టపడ్డవాళ్ల గురించి ఉన్నదున్నట్టు రాయడం సాధ్యమా అన్న ప్రశ్నను రచయిత, దర్శకుడు కామెరూన్ క్రో ఆ వ్యాసం చుట్టూ నడిపాడు. సినిమా విడుదలయ్యాక అదే ప్రశ్న దాన్ని సమీక్షించినవాళ్ల ముందుకూ వచ్చింది.

కథ 1969లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో మొదలవుతుంది. తల్లి ఎలేన్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. రాక్ సంగీతమంటే మత్తుమందులు, విశృంఖలత్వం అని ఆమె నమ్మకం. ఆ కట్టడి భరించలేక ఇల్లు విడిచిన కూతురు అనిత, పోతూ పోతూ తన రికార్డులను తమ్ముడి మంచం కింద వదిలిపోతుంది. విలియం సంగీతంలో పడ్డది అక్కడే. 1973 నాటికి అతను ‘క్రీమ్’ పత్రిక సంపాదకుడు, పేరుమోసిన రాక్ విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ దృష్టిలో పడతాడు. బ్లాక్ సబ్బాత్ మీద వెయ్యి పదాలు రాసివ్వమని బ్యాంగ్స్ అతనికి 35 డాలర్ల పని అప్పగిస్తాడు. ఆ కచేరీ దగ్గరే విలియంకు స్టిల్‌వాటర్ అనే బ్యాండ్‌తో పరిచయం కలుగుతుంది. ఇంతలో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక నుంచి పిలుపు వస్తుంది. అవతలి గొంతు వయసు తెలియని సంపాదకుడు, స్టిల్‌వాటర్‌తో పాటు తిరిగి వాళ్ల మీద వ్యాసం రాయమంటాడు.

బస్సు ప్రయాణం, హోటల్ గదులు, వేదిక వెనక గొడవలు. గిటారిస్టు రసెల్ హామండ్‌కూ గాయకుడు జెఫ్ బీబ్‌కూ మధ్య ఎవరు గొప్ప అన్న కీచులాట. బ్యాండ్ వెంట తిరిగే అమ్మాయి పెన్నీ లేన్ మీద విలియంకు మనసు. మొదట్లో బ్యాండ్ సభ్యులు అతన్ని ‘శత్రువు’ అని ఆటపట్టిస్తారు, తర్వాత చేరదీస్తారు. చివరికి వ్యాసం అచ్చుకు సిద్ధమైనప్పుడు, నిజానిజాలు సరిచూసే ఉద్యోగి ఫోన్ చేస్తే రసెల్ అన్నీ అబద్ధాలని కొట్టిపారేస్తాడు. స్నేహమనుకున్నదాని విలువ ఎంతో విలియంకు తెలిసివచ్చేది అప్పుడే. రసెల్ ఆ తర్వాత మనసు మార్చుకుని నిజం ఒప్పుకుంటాడు, వ్యాసం ముఖచిత్ర కథనంగా వెలువడుతుంది.

ఇందులో చాలా భాగం క్రో సొంత జీవితం. 1957లో పుట్టిన అతను తరగతులు దాటుకుంటూ చదివి, పదిహేనేళ్లకే హైస్కూలు ముగించాడు. శాన్ డియాగోలో ఒక స్థానిక పత్రికకు సంగీత సమీక్షలు రాస్తూ బ్యాంగ్స్‌కు పరిచయమయ్యాడు. 1973 డిసెంబరులో ‘రోలింగ్ స్టోన్’ ముఖచిత్ర కథనంగా వచ్చిన ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ వ్యాసం రాసేనాటికి అతని వయసు 16. అంతకు ముందు రెండేళ్లలో ఆ బ్యాండ్ ఇద్దరు సభ్యులను మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో పోగొట్టుకుంది. మనసు విప్పి మాట్లాడిన గ్రెగ్ ఆల్మన్, ఉన్నట్టుండి ఈ కుర్రవాడు ఎవరో అని అనుమానపడి ఇంటర్వ్యూ టేపులన్నీ లాక్కున్నాడనీ, తర్వాత తిరిగి పంపాడనీ క్రో చెప్పుకున్నాడు. సినిమాలో రసెల్ మాట తప్పే ఘట్టానికి మూలం ఆ అనుభవమే. స్టిల్‌వాటర్ కల్పిత బృందం. ఆల్మన్ బ్రదర్స్, లెడ్ జెప్లిన్, ఈగిల్స్, లినర్డ్ స్కినర్డ్ వంటి బ్యాండ్ల పోలికలు అందులో కలిశాయి.

క్రోకు మరో పెద్ద అవకాశం 1975లో వచ్చింది. తమ రికార్డులను ‘రోలింగ్ స్టోన్’ చీల్చిచెండాడిందన్న కోపంతో లెడ్ జెప్లిన్ ఆ పత్రికను చాలాకాలం దూరం పెట్టింది. ఆ తలుపు తెరుచుకున్నది క్రో కోసమే. తమ పాటలను మనసారా ఇష్టపడే కుర్రవాడని వాళ్లకు నమ్మకం కుదిరింది. మిగతా విలేకరులకు దొరకని చనువు అతనికి అభిమానం వల్ల దొరికింది. అది అతని బలం. అతని రాతల మీద అనుమానాలు పుట్టడానికి కారణం కూడా అదే.

లెస్టర్ బ్యాంగ్స్ దానికి పూర్తిగా అవతలి ఒడ్డు. 1948లో కాలిఫోర్నియాలో పుట్టిన బ్యాంగ్స్ గాయకులతో మొహం మీదే వాదం పెట్టుకునేవాడు, వాక్యాన్ని పరుగులు తీయించేవాడు, నచ్చని రికార్డును క్షమించేవాడు కాదు. సంగీతకారుల పట్ల అమర్యాదగా రాస్తున్నాడంటూ ‘రోలింగ్ స్టోన్’ అధిపతి జాన్ వెన్నర్ అతన్ని వదిలించుకున్నది 1973లోనే. అంటే ఆ పత్రిక ఒక చేత్తో బ్యాంగ్స్‌ను బయటికి పంపిన ఏడాదే రెండో చేత్తో క్రోను లోపలికి తీసుకుంది. సినిమా ఈ సంగతి ఎత్తదు. కానీ బ్యాంగ్స్ పాత్ర చేత హెచ్చరిక చేయిస్తుంది: రాక్ తారలతో స్నేహం చేయకు, వాళ్లు నీకు మందు పోస్తారు, అమ్మాయిలను పరిచయం చేస్తారు, ఊళ్లు తిప్పుతారు, వాళ్లకు కావలసింది తమ గొప్పను నమ్మే రచయిత. పేరు రావాలంటే నిజాయితీగా, నిర్దయగా ఉండమన్నది ఆ పాత్ర సలహా సారం. ఫిలిప్ సీమోర్ హాఫ్మన్ ఆ పాత్రలో తెర మీద ఉండేది కొద్ది నిమిషాలే. అయినా సినిమాకు వెన్నెముక అతనే. నిజజీవితంలో బ్యాంగ్స్ 1982 ఏప్రిల్‌లో, 33 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో చనిపోయాడు. అంతకు రెండు వారాల ముందు అతన్ని ఇంటర్వ్యూ చేసిన హైస్కూలు విద్యార్థి జిమ్ డిరొగాటిస్ పెద్దయ్యాక తానూ రాక్ విమర్శకుడై, బ్యాంగ్స్ జీవితచరిత్ర రాశాడు. అది అచ్చయింది కూడా 2000లోనే.

సంగీతం మీద సినిమా తీసేవాళ్లు ఎక్కువగా బోర్లాపడేది కల్పిత బ్యాండ్ పాటల దగ్గర. గొప్ప బ్యాండ్ అని పాత్రలు పొగుడుతుంటాయి, వినిపించే పాట మాత్రం చప్పగా ఉంటుంది. క్రో దీన్ని తెలివిగా దాటాడు. స్టిల్‌వాటర్‌ను మహత్తర బృందంగా చూపలేదు. పైకి రావడానికి తంటాలు పడే మధ్యస్థాయి బ్యాండ్‌గానే ఉంచాడు. పాటల రచనలో క్రోతో పాటు ‘హార్ట్’ బ్యాండ్ గిటారిస్టు, అప్పటి అతని భార్య నాన్సీ విల్సన్, డెబ్బైల నాటి తార పీటర్ ఫ్రాంప్టన్ పాలుపంచుకున్నారు. రసెల్ గిటారుగా వినిపించేది పెర్ల్ జామ్ సభ్యుడు మైక్ మెక్రెడీ వాయిద్యం. నటులకు వేదిక మీద ఎలా నిలబడాలో, గిటారు ఎలా పట్టాలో ఫ్రాంప్టన్ దగ్గరుండి నేర్పాడు. అందుకే కచేరీ దృశ్యాల్లో వేళ్లకూ శబ్దానికీ పొంతన కుదిరింది.

అసలు పాటల వాడకంలోనూ అంతే శ్రద్ధ ఉంది. గొడవపడి మూతి ముడుచుకున్న బ్యాండ్ బస్సులో ఎల్టన్ జాన్ పాట ‘టైనీ డాన్సర్’ మొదలవుతుంది. ఒక్కొక్కరుగా గొంతు కలుపుతారు. ఎవరూ క్షమాపణ చెప్పరు, అయినా రాజీ కుదురుతుంది. 1971 నాటి ఆ పాట కొత్త తరానికి చేరింది ఎక్కువగా ఈ దృశ్యం వల్లనే. తమ పాటలను సినిమాలకు ఇవ్వడంలో పిసినారులైన లెడ్ జెప్లిన్ కూడా క్రోకు కొన్ని పాటలు ఇచ్చింది. ‘స్టెయిర్‌వే టు హెవెన్’కు మాత్రం అనుమతి రాలేదు.

సినిమాకు సమీక్షకులు బ్రహ్మరథం పట్టారు. చికాగో విమర్శకుడు రోజర్ ఇబర్ట్ నాలుగుకు నాలుగు నక్షత్రాలు ఇవ్వడమే కాక, 2000 సంవత్సరపు ఉత్తమ చిత్రాల జాబితాలో దీన్ని మొదటి స్థానంలో పెట్టాడు. ఆస్కార్‌కు నాలుగు నామినేషన్లు పొంది, మూల కథాస్క్రీన్‌ప్లే బహుమతి క్రోకు తెచ్చింది. పెన్నీ లేన్‌గా కేట్ హడ్సన్, తల్లిగా ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్ ఇద్దరూ సహాయనటి విభాగంలో పోటీలో నిలిచారు. గోల్డెన్ గ్లోబ్స్‌లో సంగీత, హాస్య చిత్రాల విభాగంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది, హడ్సన్‌కు సహాయనటి బహుమతి దక్కింది. సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది.

డబ్బు లెక్క మాత్రం తిరగబడింది. ఖర్చు సుమారు 6 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి వసూళ్లు 4.7 కోట్ల డాలర్ల దాకా. క్రో అంతకు ముందు తీసిన ‘జెర్రీ మెగ్వయర్’ 27 కోట్లకు పైగా రాబట్టింది. అక్కడ టామ్ క్రూజ్ ఉన్నాడు, ఇక్కడ జనం టికెట్టు కొనే తార లేడు. పైగా భాష, మత్తుమందుల కారణంగా అమెరికాలో దీనికి ‘ఆర్’ సర్టిఫికెట్ వచ్చింది. పదిహేనేళ్ల కుర్రవాడి కథను అదే వయసు పిల్లలు పెద్దల తోడు లేకుండా చూడలేకపోయారు.

విమర్శకులకు అంతగా నచ్చిన చిత్రం జనానికి ఎందుకు ఎక్కలేదన్న దానికి సమాధానంలో కొంత భాగం విమర్శకుల దగ్గరే ఉంది. ఇది వాళ్ల వృత్తి కథ. తొలి వ్యాసం, తొలి పారితోషికం, ఫోన్ అవతల పెద్ద సంపాదకుడి గొంతు, గడువు దగ్గరపడుతుంటే కదలని కలం: రాసేవాడెవడికైనా ఇవి ఒంట్లో ఉన్న జ్ఞాపకాలు. ఇబర్ట్ కూడా పదిహేనేళ్ల వయసులో స్థానిక పత్రికకు ఆటల వార్తలు రాయడంతోనే మొదలయ్యాడు. హీరోగా గాయకుణ్ణి కాక, నోట్‌బుక్ పట్టుకున్నవాణ్ణి నిలబెట్టిన సినిమా అరుదు. అటువంటి సినిమాను తూచేటప్పుడు విమర్శకుడి త్రాసు కాస్త అటు మొగ్గడం సహజం. విలియం రసెల్‌ను చూసి మురిసినట్టే, సమీక్షకులు విలియంను చూసి మురిశారు.

అందరూ మురవలేదు. సినిమా తన కాలాన్ని మరీ మెత్తగా చూపిందన్నది ప్రధానమైన అభ్యంతరం. 1973 నాటి రాక్ టూర్లలో మత్తుమందులు ప్రాణాలు తీశాయి, మైనరు బాలికల మీద దోపిడీ జరిగింది. సినిమాలో ఆ చీకటి అంచుల్లో కనిపించి మాయమవుతుంది. రసెల్ మత్తులో ఇంటి కప్పెక్కి ఈతకొలనులోకి దూకడం నవ్వులాటగా నడుస్తుంది. విమానం కూలిపోతుందన్న భయంలో బ్యాండ్ సభ్యులు ఒకరి మీద ఒకరు దాచుకున్న రహస్యాలన్నీ కక్కే ఘట్టం కూడా హాస్యంగానే తేలిపోతుంది.

పెన్నీ లేన్ పాత్ర దగ్గర ఈ అభ్యంతరానికి బలం ఎక్కువ. తాము గ్రూపీలం కాదని, సంగీతం కోసం వచ్చిన ‘బ్యాండ్ ఎయిడ్స్’ అని ఆమె తన బృందానికి పేరు పెడుతుంది. ఒక పేకాటలో బ్యాండ్ ఆమెను యాభై డాలర్లకు, ఒక పెట్టె బీరుకు మరో బ్యాండ్‌కు అప్పగిస్తుంది. విలియం చెప్పినప్పుడు ఆమె కన్నీళ్లు ఆపుకుంటూ ఏ బీరు అని అడిగే దృశ్యం సినిమాలో అన్నిటికంటే పదునైనది. కేట్ హడ్సన్ ప్రతిభ అక్కడ తెలుస్తుంది. కానీ ఆ తర్వాత ఆమె మాత్రలు మింగి ప్రాణాపాయంలో పడ్డప్పుడు, వైద్యులు కడుపు కడుగుతుంటే స్టీవీ వండర్ ప్రేమగీతం వినిపిస్తుంది, విలియం ఆరాధనగా చూస్తుంటాడు. అమ్మాయి బాధ అబ్బాయి ప్రేమకథలో ఒక మజిలీగా మారిపోతుంది. ఆమె ఇంటి సంగతి, వయసు, అసలు పేరు చాలాసేపటి దాకా దాచిన కథ, వాటిని బయటపెట్టాక కూడా ఎక్కువసేపు నిలబడి చూడదు. విడుదల నాడు ఈ మాట అన్నవాళ్లు కొద్దిమంది. కాలం గడిచేకొద్దీ ఎక్కువయ్యారు.

మరో ఖాళీ కూడా ఉంది. విలియం రాసిన వ్యాసం నిజాయితీగా ఉందని అందరూ అంటారు. దాని కోసమే ఇంత కథ నడిచింది. ఆ వ్యాసం పూర్తి పాఠం మాత్రం ప్రేక్షకుడికి ఎక్కడా వినబడదు. పెన్నీని తాకట్టు పెట్టిన సంగతి అందులో రాశాడా, లేదా? రాసివుంటే రసెల్ అంత సులువుగా ఫోన్ చేసి ఒప్పుకునేవాడా? బ్యాంగ్స్ అడిగిన నిర్దయ విలియం కలానికి అబ్బిందో లేదో తేల్చాల్సిన సాక్ష్యాన్ని సినిమా తన దగ్గరే ఉంచుకుంది.

కాలం మాత్రం ఈ చిత్రాన్ని నిలబెట్టింది. థియేటర్లలో రెండు గంటల చిత్రంగా వచ్చినది, 2001లో ‘అన్‌టైటిల్డ్’ పేరుతో 162 నిమిషాల కూర్పుగా డీవీడీలో వెలువడింది. పొడిగించిన దృశ్యాల వల్ల తల్లి, బ్యాంగ్స్, బ్యాండ్ సభ్యులు మరింత నిండుగా కనిపిస్తారు. చాలామంది అభిమానులు దీన్నే అసలు చిత్రంగా లెక్కిస్తారు. 2016లో బీబీసీ ప్రపంచ విమర్శకులను అడిగి 21వ శతాబ్దపు నూరు గొప్ప చిత్రాలను ఎంపిక చేసినప్పుడు దీనికి 79వ స్థానం వచ్చింది. 2019లో శాన్ డియాగోలో, 2022లో బ్రాడ్‌వేలో సంగీత నాటకంగా కూడా వేశారు. బ్రాడ్‌వేలో అది కొద్ది నెలలే ఆడింది.

మాటల్లో చమత్కారం, నటుల ఎంపిక, పాటను కథలో ఇమిడ్చే నేర్పు విషయంలో 2000 నాటి సమీక్షకుల మెప్పు న్యాయమైనదే. తల్లి పాత్రను రాసిన తీరుకు ఇంకా ఎక్కువ మెప్పు రావలసింది: కొడుకును కట్టడి చేసే మనిషిని వెక్కిరించకుండా, ఆమె భయంలో సగం సబబేనని చూపడం సులువు కాదు. అయితే బ్యాంగ్స్ నోట చెప్పించిన సూత్రానికి సినిమా తానే నిలబడలేదు. ‘ఆల్మోస్ట్ ఫేమస్’ను రాసింది బ్యాంగ్స్ శిష్యుడే, తీసింది మాత్రం లెడ్ జెప్లిన్‌కు నచ్చిన కుర్రవాడు. చూడదలచినవాళ్లు పొడవైన కూర్పునే చూడాలి, పెన్నీ లేన్ కనిపించిన ప్రతిసారీ విలియం కళ్లతో కాక ఆమె వైపు నుంచి చూడాలి.